రెండు పక్కలా కొలత

నాకు ఎవర్నీ తొందరగా నమ్మే అలవాటు లేదు. పాలవాడు నీళ్ళు కలపలేదంటే నమ్మను, కూరగాయలామె తూకం సరిగ్గానే ఉందంటే నమ్మను, మా ఆయన బతికున్న రోజుల్లో ఆయన్ని కూడా సగమే నమ్మాను. గుడివాడ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో పాతికేళ్ళుగా లేడీస్ టైలర్‌గా బతుకుతున్నదాన్ని. ఉతికినా కుదించుకుపోదని చెప్పి లైనింగు గుడ్డ అంటగట్టినవాళ్ళని ఎంతమందిని చూశానో. శేషారత్నం నోటికి భయపడి మా సందులో ఆటోవాళ్ళు కూడా బేరం ఆడరు. అది నాకు గర్వంగానే ఉండేది.

పనిలో కూడా అంతే. ఏ ఆడదానికీ రెండు పక్కలూ ఒక్కలా ఉండవు. చాలామంది టైలర్లు ఒక పక్క కొలిచి, రెండో పక్కా అంతేలెమ్మని కత్తిరించేస్తారు. నేను అలా నమ్మను. భుజం నుంచి పాయింటుకి, అంటే రొమ్ము మొనకి, కుడివైపు వేరుగా, ఎడమవైపు వేరుగా కొలిచి, తారీఖు వేసి నోటుబుక్కులో రాసుకుంటాను. తేడా ఉంటే డాట్ మడత పైకో కిందికో జరిపి, అవసరమైతే లోపల ఒక పొర వేసి, పైకి రెండూ సమానంగా కనపడేలా సర్దేస్తాను. ఆమెకి మాత్రం చెప్పను. నాకు పని నేర్పిన సైదమ్మ మొదటిరోజే చెప్పింది, కొలత కంటికీ బుక్కుకే గానీ నోటికి కాదని. ఆ మర్యాద పాటించబట్టే మీర్‌పేట్, కర్మన్‌ఘాట్ నుంచి కూడా దారిలో యాభైమంది టైలర్లని దాటుకుని నా దగ్గరికి వస్తారు.

ఇది ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె నాటి సంగతి. బస్సుల్లేవు, బడుల్లేవు, బొగ్గు తవ్వడం ఆగిపోయిందని రోజుకి నాలుగైదు గంటలు కరెంటూ లేదు. మోటారు మిషన్లు మూలన పెట్టి పాత తొక్కుడు మిషను మీద కుట్టుకుంటున్నాను. మా సందులో మెస్సువాళ్ళు బోర్డు మీద ‘ఆంధ్రా’ అన్న ఒక్క మాట మీద రంగు పూసేశారు. ఎవరు నోరు విప్పినా ఎదుటివాళ్ళు ఈ మనిషి ఎటువైపా అని ఒక క్షణం ఆగి వినేవారు. నేనూ అలాగే వినేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం సాయిప్రియ స్కూటీ మీద వచ్చింది. మీర్‌పేట్‌లో పాతకాపులు వాళ్ళు. ఇప్పుడక్కడున్న కాలనీలు సగం ఒకప్పుడు వాళ్ళ మామగారి పొలాలే. భర్త కమలాకర్‌ది ప్లాట్ల వ్యాపారం. ఆ అమ్మాయికి ముప్ఫై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఆరేళ్ళుగా నా దగ్గరే కుట్టిస్తుంది. ఆ ఏడాది మొదట్లో పొద్దున్నే నడవడం, రాత్రిపూట అన్నం మానడం మొదలుపెట్టి పద్దెనిమిది కిలోలు తగ్గింది. మొహం చిక్కి కళ్ళు పెద్దవై, మనిషి బాగానే ఉంది.

ఆరు జాకెట్టు ముక్కలు బల్ల మీద పెట్టి ఒక కాయితం ఇచ్చింది. ఆ కొలతలకి కుట్టమని, తనని కొలవొద్దని చెప్పింది. చూశాను. పాయింటు ఆ అమ్మాయి కొలత కన్నా బాగా పైకి ఉంది. ఈ కొలతలు ఎవరివి? మొగుడు ఎవత్తెనో పెట్టుకుని, దాని జాకెట్లు కూడా ఈ పిచ్చిదాని చేతే కుట్టిస్తున్నాడేమోనని నా బుర్ర అప్పుడే మూడు వీధులు తిరిగొచ్చింది. కడుపులో దాచుకునే రకం కాదుగా, మొహం మీదే అడిగేశాను.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వి, ట్రయల్ రూము కర్టెన్ లాగి, నన్ను లోపలికి పిలిచి చెప్పింది. ఆ కొలతలు తన పెళ్ళినాటి జాకెట్టు నుంచి తీసినవి. జారిన రొమ్ముల్ని పైకెత్తే లిఫ్ట్ ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ అలా అవుదామనుకుంటోంది.

“బరువు తగ్గినంక అద్దంల చూస్కుంటే గాలి తీసిన బెలూన్ లెక్క అయిపోయిన అక్కా. కుడిది మరీ జారింది. ఎడమది నయం, గది మంచిగనే నిలవడ్డది. రెండూ గట్ల చేయించుకుంట.”

మొగుడు చేయించుకోమన్నాడా అని అడిగాను. ఆయనకి చెబితే నీ ఇష్టం అన్నాడట. గిరాకీకి ప్లాటు చూపించినంత సేపు కూడా తన వంక చూడలేదని, ఇది ఆయన కోసం కాదని, పొద్దున స్నానం చేసి అద్దం ముందు నిలబడే తన కోసమేనని చెప్పింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆడది తనకోసం ఒకటి కోరుకుంటే దాన్ని తప్పు పట్టే హక్కు నాకేముంది? నాకు ఆ అమ్మాయి మీద జాలి కాదు, ఒక రకం గౌరవం కలిగింది.

అత్త శివమ్మకి తెలియకూడదు. డాక్టర్ల దగ్గరికి ఒక్కతే వెళ్ళడానికి భయం. అందుకని నన్ను తోడు రమ్మంది. నోరున్నదాన్నని, నాకు ఎవరూ టోపీ పెట్టలేరని, నేను పక్కనుంటే తనకి ధైర్యమని అంది. నా అనుమానాన్ని నమ్ముకుని వచ్చింది పిచ్చిపిల్ల. నేను ఉబ్బిపోయి సరేనన్నాను.

మొదట దిల్‌సుఖ్‌నగర్‌లోనే, చెప్పుల షాపు పైన మూడో అంతస్తులో ఉండే డాక్టర్ భానుమూర్తి దగ్గరికి వెళ్ళాం. కరెంటు లేక లిఫ్టు పనిచెయ్యలేదు. ఆయనకి అరవై దాటాయి. నవ్వడు. ఆయన మాట్లాడే తెలుగులో ఎటువైపు మనిషో నాకు అంతు చిక్కలేదు, అదీ నాకు అనుమానంగానే అనిపించింది. నర్సుని పక్కన పెట్టుకుని చాలాసేపు పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

నేను అడగడం మొదలుపెట్టాను. మచ్చలు పడతాయా అంటే, పడతాయి, చుట్టూ ఒకటి, కిందికి ఒకటి, పలచబడతాయే గానీ పోవు అన్నాడు. స్పర్శ తగ్గుతుందా అంటే, కొందరికి తగ్గుతుంది, కొందరికి ఎప్పటికీ తిరిగి రాదు అన్నాడు. మళ్ళీ జారదు కదా అంటే, వయసు ఆగుతుందా, బరువు ఆగుతుందా, అవి ఆగకపోతే ఇదీ ఆగదు అన్నాడు. ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ఆ తర్వాతే రమ్మన్నాడు. నెల రోజులు చెయ్యి పైకెత్తకూడదు, బిందె మొయ్యకూడదు, ఇంట్లో తెలియకుండా ఇది జరిగే పని కాదు అన్నాడు. మత్తు ఇవ్వడానికి వేరే డాక్టర్ ఉండాలి, ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నా ఆ డాక్టర్ పేరు అడిగి తెలుసుకోమన్నాడు. ఆకుపసర్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పమన్నాడు. ఇంకా బరువు తగ్గుతున్నారు కాబట్టి ఆర్నెల్లు ఆగితే మంచిదన్నాడు.

చివరికి చీటీ మీద ఎడమవైపు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ అని రాశాడు. ఎదురుగా రోడ్డు దాటితే స్కానింగ్ సెంటరుందని దాని పేరు కూడా చెప్పాడు.

“జారింది కుడివైపైతే ఎడమవైపు పరీక్ష ఎందుకండీ?” అన్నాను.

“చూడాలి కాబట్టి రాశాను. ఆ రిపోర్టు చూడకుండా నేను కత్తి పట్టను.”

అంతే. ఇంకో మాట చెప్పలేదు. నా నెత్తి మండిపోయింది. మెట్లు దిగుతున్నంత సేపూ సాయిప్రియకి పాఠం చెప్పాను. ఈ డాక్టర్లకీ ఆ స్కానింగ్ వాళ్ళకీ మధ్య కమీషన్లుంటాయని, జలుబని వెళ్ళినా తలకి ఫోటో తీయిస్తారని, సెంటరు పేరు చెప్పడంలోనే దొంగతనం బయటపడిందని అన్నాను. ఆ అమ్మాయి ఒకసారి ఆగి, చేయించుకుంటే పోదా అక్కా అంది. నేనే వద్దన్నాను. ఆ చీటీని నా చేత్తోనే నాలుగు మడతలు పెట్టి నా సంచిలో వేసుకున్నాను.

తర్వాత ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక కొత్తగా పెట్టిన క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడ జనరేటరుంది, చల్లగా ఉంది, మంచి టీ ఇచ్చారు. బిందుమాధవి అనే కౌన్సిలర్ అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టుకుంది. నోరు విప్పగానే తెలిసిపోయింది, మన గోదావరి పిల్ల. ఊళ్ళో ఎవరి మాట ఎలా ఉంటుందోనని బిక్కుబిక్కుమంటూ నెల రోజులు గడిపినదాన్ని, ఆ ‘ఆయ్, అలాగేనండి ఆంటీ’ వినగానే మెత్తబడిపోయాను. నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని మా అమ్మ లక్షసార్లు చెప్పింది. ఆ రోజు ఆ మాట గుర్తు రాలేదు.

మచ్చలు కనపడవండి. స్పర్శ పోదండి. నాలుగో రోజు వంట చేసుకోవచ్చండి. రక్తపరీక్ష తప్ప ఇంకేమీ అక్కర్లేదండి. మత్తు డాక్టరు ఎవరని అడిగితే, సార్ టీమ్ అంతా ఉంటుందండి అంది. ఆ టీములో ఎవరెవరున్నారని నేను అడగలేదు. ఏ పరీక్షా రాయలేదు కాబట్టి నిజాయితీపరులని సాయిప్రియతో నేనే అన్నాను. తర్వాతి గురువారం పదకొండు గంటలకి ముహూర్తం పెట్టుకుని వచ్చాం. ఇంట్లో నాలుగు రోజులు సిటీలోనే చిన్ననాటి స్నేహితురాలి ఇంటికని చెప్పుకోవాలని అనుకున్నాం.

మధ్యలో ఒకరోజు శివమ్మ మా షాపుకి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, కాళ్ళకి వెండి కడియాలు, చూపు మాత్రం సూదిలా ఉంటుంది. తన కోడలు స్కూటీ వెనక నన్ను ఎక్కించుకుని తిరగడం ఎవరో చూశారట.

“మా కోడల్ని ఏడ తిప్పుతున్నవమ్మా? భూములైతే మీ ఆంధ్రోళ్ళే కొన్నరు. ఇగ కోడండ్లను గూడ వట్టుకపోతరా?”

మగ్గం పని చేసేవాళ్ళ దగ్గరికి డిజైన్లు చూడ్డానికి వెళ్ళామని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు. పోతూ పోతూ, తన కోడలికి ఏమన్నా అయితే నా దుకాణం ముందే కూర్చుంటానని చెప్పి మరీ పోయింది.

గురువారం వచ్చింది. ఆ రోజు బంద్ కూడా. సాయిప్రియ తొమ్మిదింటికల్లా క్లినిక్‌లో చేరుతుంది, నేను పదిన్నరకి వెళ్ళి పక్కన కూర్చోవాలి. పొద్దున్నే షాపు షట్టరు సగం ఎత్తి, ఆ ఆరు జాకెట్లూ కత్తిరించేద్దామని కూర్చున్నాను. పెళ్ళినాటి కొలత, ఇప్పటి కొలత పక్కపక్కన పెట్టి చూసుకుంటే గానీ నాకు కత్తెర సాగదు. నోటుబుక్కు తీశాను.

నిరుడు నవంబరు: కుడి పదిన్నర, ఎడమ పదిన్నర. ఈ జూన్: కుడి పదకొండు, ఎడమ పదింపావు. ఆగస్టు, శ్రావణమాసం జాకెట్లప్పుడు: కుడి పదకొండున్నర, ఎడమ పది.

చాక్‌పీసు చేతిలోనే ఉండిపోయింది. కుడిది జారింది, సరే. పద్దెనిమిది కిలోలు తగ్గిన ఒంట్లో జారుతుంది. ఎడమది జారకపోతే గట్టిదనుకోవచ్చు. కానీ ఇది పైకి పోయింది. తొమ్మిది నెలల్లో అరంగుళం పైకి పోయింది. గుడ్డ మీద ఒక చోట ఉన్నట్టుండి పైకి లాక్కుపోతే నేనేం చేస్తాను? తిరగేసి చూస్తాను. లోపల ఎక్కడో దారం బిగుసుకుని ఉంటుంది. పాతికేళ్ళుగా గుడ్డ విషయంలో తెలిసిన సంగతి, మనిషి విషయంలో నాకు తట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆగస్టులో ఎడమవైపు కొంచెం చిక్కినట్టుంటే నేనే లోపల పలచగా దూది పొర కూడా పెట్టాను. ఎంత బాగా పెట్టానంటే ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని, నీ చేతిల ఏదో ఉన్నదక్కా అని మెచ్చుకుంది. ఇంక సంచిలోంచి ఆ మడతపెట్టిన చీటీ తీశాను. ఎడమ. ఆ నవ్వని ముసలాయన ఎడమ అనే రాశాడు.

ఫోన్ చేశాను, స్విచాఫ్. క్లినిక్ నంబరు ఎవరూ ఎత్తలేదు. నోటుబుక్కు, చీటీ కవర్లో పెట్టుకుని, షట్టరు లాగి నడక మొదలుపెట్టాను. బస్సుల్లేవు, ఆటోల్లేవు, నాకు మోకాళ్ళ నొప్పులు. కొత్తపేట దగ్గర రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి సమ్మెవాళ్ళు వంటావార్పు చేస్తున్నారు. ఒకతను అడ్డమొచ్చి, గింత జల్దిగ ఏడికి పోతున్నవమ్మా అని అడిగాడు. నా భాష బయటపడకుండా ‘దవాఖానకి’ అని ఒక్క మాట అన్నాను. అతను నా మొహం చూసి, గరిటె పక్కవాడికిచ్చి, బండి తీసి ఎక్కమన్నాడు. ఎక్కడికి తీసుకుపోతాడోనని దారంతా అనుమానమే. క్లినిక్ గేటు ముందు దింపి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. కనీసం పేరన్నా అడగలేదే అని ఇప్పటికీ అనుకుంటాను.

సాయిప్రియ ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉంది. బొట్టు తీసేసింది, గాజులు తీసేసింది. చేతికి సూది పెట్టి ఉంది. బిందుమాధవి పక్కనే ఉంది. నేను రొప్పుతూ, ఆపమని, ఆ పరీక్ష చేయించుకునేదాకా ఈ ఆపరేషన్ వద్దని అన్నాను.

సాయిప్రియ మొహం మారిపోయింది. “మా అత్తమ్మ పంపిందా నిన్ను?”

లేదన్నాను.

“మరి ఆ పెద్ద డాక్టరు దిక్కు మర్లినవా? ఆ పరీక్ష కమీషన్ కోసమని నువ్వే అంటివి. గిప్పుడు ఆయన నీకెంత ఇస్తున్నడు?”

నా నోరు ఎవరికీ లోకువ కాదు. ఇంకెవరైనా ఆ మాట అనుంటే జుట్టు పట్టుకునేదాన్ని. కానీ ఆ మాట నాదే. నేను నేర్పిన మాటే నా మీదికి వచ్చింది. బిందుమాధవి నవ్వుతూ, ఆఖరి నిమిషంలో చుట్టాలకి ఇలా టెన్షన్ మామూలేనండి, మీరు బయట కూర్చోండి ఆంటీ అంటూ నా భుజం పట్టుకుంది. నేను ఆ చెయ్యి తీసేసి, నోటుబుక్కు తెరిచి సాయిప్రియ ఒళ్ళో పెట్టాను. పాతికేళ్ళలో నా బుక్కు ఎవరికీ చూపించలేదు.

“ఈ అంకెలు చూడు. ఆ ఎడమది మంచిగా నిలబడలేదమ్మా, దాన్ని లోపల్నుంచి ఏదో లాగుతోంది.”

సాయిప్రియ మూడు వరసల్లోని అంకెలూ వేలు పెట్టి చదివింది. ఈలోగా లోపలి నుంచి ఆపరేషన్ చేసే కుర్ర డాక్టర్ వచ్చాడు. విషయం విని, ఆపరేషన్‌లో తీసిన ముక్కని తర్వాత పరీక్షకి పంపిస్తాంలెండి, కంగారేం లేదు అన్నాడు. సాయిప్రియ తలెత్తి ఆయన్ని చూసింది.

“నా ఎడమ చెయ్యి పైకి లేపితే గక్కడ చిన్న గుంత పడ్తది సార్. బరువు తగ్గినందుకు పడ్డదేమో అనుకున్న. మీరు చూసిన్రా?”

ఆయన బిందుమాధవి వైపు చూశాడు. బిందుమాధవి తన చేతిలోని ఫైలు వైపు చూసింది. ఆ చూపులు చూశాక ఇంక నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు. సాయిప్రియ మంచం దిగి, సూది తీసెయ్యండి అంది. తియ్యడానికి తటపటాయిస్తుంటే, తియ్యకుంటే నేనే పీక్కుంట అంది.

తన స్కూటీ మీదే దిల్‌సుఖ్‌నగర్‌కి వెనక్కి వచ్చాం. స్కానింగ్ సెంటరు బంద్ వల్ల మూసేసి ఉంటే భానుమూర్తి ఫోన్ చేసి తెరిపించాడు. ఆ ఫోనులో కమీషన్ మాటేమన్నా వస్తుందేమోనని చెవులు రిక్కించాను. నా బుద్ధి అలాంటిది. రాలేదు. ఆ రోజు ఫోటోలు తీశారు, మర్నాడు సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. కేన్సరే. సాయిప్రియ నన్నే తోడు రమ్మంది. మొగుడికి ఇంకా చెప్పలేదు, ముందు తను వినాలంది.

భానుమూర్తి కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పాడు. చిన్నదే, చంకలోకి పాకినట్టు లేదు, ఇప్పుడే దొరికింది కాబట్టి బతుక్కి భయం లేదనే అనుకోవచ్చు. పెద్దాసుపత్రికి రాసిస్తాను అన్నాడు. ముందే లిఫ్ట్ ఆపరేషన్ అయిపోయుంటే లోపల అంతా అటుదిటు జరిపి కుట్టేసేవారు, ఆ తర్వాత ఇది ఎక్కడ మొదలైందో, ఎంతవరకు ఉందో పట్టుకోవడమే కష్టమయ్యేది అన్నాడు. సాయిప్రియ ఏడవలేదు. టేబుల్ కింద నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. నేను చేసిన మంచిపని చూశావా అని నా మనసు లోపల్లోపల కొంచెం పొంగింది కూడా. దాచడమెందుకు, పొంగింది.

అసలు ఆ ఆపరేషన్ ఆపుకుని వెనక్కి రావాలని ఎలా తట్టిందని ఆయన అడిగాడు. మా టైలర్ అక్కే పట్టుకున్నది సార్ అని సాయిప్రియ చెప్పి, నా నోటుబుక్కు ఆయన ముందు పెట్టమంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

“తారీఖులతో సహా రాశారే. మా దగ్గర కూడా ఇంత బాగా ఉండదమ్మా. నవంబరులో సమానం, జూన్‌లో తేడా మొదలు, ఆగస్టుకి స్పష్టంగా ఉంది.”

నా చేతిలో సాయిప్రియ చెయ్యి కదల్లేదు. కానీ పట్టు వదిలింది.

“జూన్‌ల్నే నీకు తెల్సా అక్కా?”

తెలుసు అన్నాను. ఇదని తెలియదు, తేడా మాత్రం తెలుసు అన్నాను. మా పనిలో చెప్పకూడదని, చెబితే ఆడవాళ్ళు నొచ్చుకుంటారని, అందుకే డాట్ జరిపి సర్దేశానని, ఆగస్టులో దూది కూడా పెట్టానని, అంతా చెప్పేశాను. తప్పు చేసినవాళ్ళు ఎక్కువ మాట్లాడతారంటారు. నేనూ ఆపలేకపోయాను. ఆ అమ్మాయి అరిస్తే బాగుండుననిపించింది. అరవలేదు. టేబుల్ కింద నుంచి తన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“ఇంక ఎంతమందివి గిట్ల సర్ది కుట్టినవ్?”

నేను బుక్కు మూసి సంచిలో పెట్టుకున్నాను. ఆ తర్వాత సాయిప్రియకి ఆపరేషన్ అయింది, మందులెక్కించారు, జుట్టంతా ఊడి మళ్ళీ వచ్చింది, మనిషి నిలబడింది. శివమ్మ అన్నంత పనీ చేసి నా దుకాణం ముందు కూర్చుని తిట్టింది, నేను పడ్డాను. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు మాత్రం సాయిప్రియ మెట్లు దిగి, నన్ను ఎక్కమనకుండా స్కూటీ తీసుకుని వెళ్ళిపోయింది.

నేను షాపుకి నడిచి వెళ్ళాను. మధ్యాహ్నం రెండైంది. కరెంటు లేదు. వాకిట్లో వెలుతురుకి స్టూలు వేసుకుని, ఆ ఏడాదివీ నిరుటివీ నోటుబుక్కులన్నీ ముందేసుకున్నాను. నాలుగు వందల పైచిలుకు పేర్లు. ఒక్కొక్కరి కొలతలూ వరసగా చూసుకుంటూ పోయాను. ముందు నుంచీ తేడా ఉన్నవాళ్ళని వదిలేశాను. సమానంగా ఉండి, తర్వాత ఒక్క పక్కే మారినవాళ్ళని విడిగా రాసుకున్నాను. పదకొండు మంది తేలారు. వాళ్ళలో చాలామందికి ఏమీ ఉండకపోవచ్చు. కానీ పదకొండు మందికీ నేను సర్దే కుట్టాను.

మొదటి పేరు వేదవతి. చైతన్యపురిలో ఉంటుంది, బ్యాంకులో పని, మనిషి నెమ్మది. ఏమనుకుంటుందో, ఏ ఆసుపత్రి వాళ్ళో నన్ను ఏజెంటుగా పెట్టుకున్నారనుకుంటుందో, రేపటి నుంచి నా షాపు గుమ్మం తొక్కుతుందో లేదో. నంబరు నొక్కాక కట్ చేసేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఆవిడ ఎత్తింది. జాకెట్లు అయిపోయాయా అని అడిగింది.

నేను టైలర్ శేషారత్నాన్నని, జాకెట్ల గురించి కాదని, మీ కొలతల్లో ఈమధ్య ఒక పక్క ఏదో తేడా వచ్చిందని, నేను ముందే చెప్పాల్సిందని, కోపం తెచ్చుకోకుండా ఒకసారి డాక్టరుకి చూపించుకోమని గబగబా అప్పజెప్పాను. ఫోన్ పెట్టేసిందనుకున్నాను. తర్వాత ఎక్కడో తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. వేదవతి గొంతు బాగా తగ్గించి అడిగింది.

“కుడివైపేనా అండీ?”

ఏ వైపో నేనింకా చెప్పలేదు.